గోడ మీద మ్యాపు, మ్యాపు మీద ఊళ్లు

సైకిల్ ఎవరైనా కొంటారు. రెండో ఏడాది కూడా దాన్ని తొక్కుతూ ఉండేవాళ్లు ఎంతమంది? తిరుపతిలో ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగినా గాలి పోయిన టైర్లతో, సీటు మీద దుమ్ముతో ఒక గేర్ల సైకిల్ గోడకి ఆనించి కనిపిస్తుంది. లాక్‌డౌన్ రోజుల్లో కొన్నవే ఎక్కువ. వాటి యజమానుల్లో కొందరు నాకు తెలుసు. బద్ధకస్తులేం కాదు. తెల్లవారుజామున లేచేవాళ్లు, హెల్మెట్ లేకుండా కదలనివాళ్లు, తొక్కిన ప్రతి కిలోమీటరూ ఫోన్లో చూసుకునేవాళ్లు. వాళ్ల చేత సైకిల్ మాన్పించింది ఆ కిలోమీటర్లేనని నా వాదన.

రోజుకి 20 కిలోమీటర్లు అని పెట్టుకున్న మనిషి ఏం చేస్తాడు? నున్నటి రోడ్డు ఒకటి చూసుకుంటాడు. మనకైతే అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి వైపు పోయే రోడ్డు ఉండనే ఉంది. పక్కనే కొండ, చల్లగాలి. అటు ఇటు తిరిగితే లెక్క సరిపోతుంది. మొదటి వారం కొండ చూస్తాడు, చెట్లు చూస్తాడు, నెమలి కూస్తే ఆగి వింటాడు. నెల తిరిగేసరికి చేతి వాచీలో అంకె తప్ప ఇంకేమీ చూడడు. ఆ తర్వాత ఒక రోజు వాన, ఒక రోజు పెళ్లి, ఒక రోజు జలుబు. వరస తెగుతుంది. తెగిన వరసని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టడానికి మనసొప్పదు. సైకిల్ సెల్లారుకి చేరుతుంది.

నేను చేసే పని చాలా చిన్నది. బైరాగిపట్టెడలో మా ఇంటి నుంచి సైకిల్ తొక్కుకుంటూ ఏయే ఊళ్లకి పోయానో మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటాను. ఎన్నిసార్లు పోయానో, ఎంతసేపట్లో పోయానో రాయను. పోయిన ఊరికి ఒక గుర్తు, పోని ఊరికి లేదు. పోయిన ఊరికి రెండోసారి పోతే మ్యాపులో ఏ మార్పూ ఉండదు. ఈ ఒక్క సంగతి మనిషిని కొత్త రోడ్డు ఎక్కిస్తుంది.

షరతులు మాత్రం గట్టిగా ఉండాలి. ఇంటి గేటు దగ్గరే ఎక్కాలి. సైకిల్‌ని కారుకి కట్టుకునిపోయి తలకోన దగ్గర దించి, అక్కడ కాసేపు తొక్కి, తలకోనకి గుర్తు పెట్టుకోవడం కుదరదు. అలా చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, అది వేరే ఆట. గోడ మీద ఏ గుర్తు చూపించినా, మా గుమ్మానికీ ఆ ఊరికీ మధ్య ఉన్న ప్రతి ఎత్తూ ప్రతి గుంతా నా మోకాళ్లకి తెలుసని చెప్పగలగాలి. ఇంకో షరతు, ఆ ఊళ్లో దిగాలి. టీ తాగాలి, లేకపోతే చెరువు కట్ట మీద కూర్చోవాలి, కనీసం ఒక మనిషితో మాట్లాడాలి. ఊరి మధ్య నుంచి దూసుకుపోతే ఆ ఊరు లెక్కలోకి రాదు. తిరుగు ప్రయాణం ఎలాగైనా చేయొచ్చని నేనంటాను. మోకాలు పట్టేసి టాటా ఏస్‌లో సైకిల్ పడేసుకుని వచ్చినా, ఆ ఊరికి తొక్కుకుంటూ పోయిన మాట అబద్ధం కాదు కదా. మా తమ్ముడు దీనికి ఒప్పుకోడు. వాడిది రానూ పోనూ లెక్క. ఎవరి గోడ వాళ్లది.

ఫోన్లో మ్యాపు చాలదా అని అడుగుతారు. చాలదు. ఫోన్లో మ్యాపుని రెండు వేళ్లతో ఎంత కావాలంటే అంత దగ్గరికి లాక్కోవచ్చు, మనం పోయిన చోటు వరకే చూసుకుని మురిసిపోవచ్చు. గోడ మీది కాగితం కదలదు. పొద్దున పళ్లు తోముకుంటూ దాని ముందు నిలబడితే చూపు నేరుగా ఖాళీ మీదికే పోతుంది. నేను వాడేది సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు. స్కేలు 1:50,000, అంటే కిలోమీటరుకి 2 సెంటీమీటర్లు. తిరుపతి ఉన్న షీటు 57ఓ/6. అడవి ఆకుపచ్చలో, చెరువులు నీలంలో, ఎత్తులు చూపే గీతలు గోధుమ రంగులో ఉంటాయి. షీటంటే నేల మీద ఇంచుమించు 27 కిలోమీటర్ల చదరం. అందులో తిరుపతి తూర్పు అంచుకి దగ్గరగా పడింది. చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం, తొండవాడ ఇందులో ఉన్నాయి గానీ, రేణిగుంట దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోతుంది. పక్క షీటు తెచ్చి అంటించాల్సిందే. నన్నడిగితే ఇదీ మేలే అయింది. మొదటి షీటు సగం కూడా నిండకముందే రెండోది గోడకెక్కింది, ఒక్క గుర్తు లేకుండా.

గుర్తులకి వాడేది మా ఆవిడ స్టిక్కర్ బొట్లు. గుండుసూదులకి గోడ పెళ్లలు ఊడుతున్నాయి, స్కెచ్ పెన్నుతో పెడితే ఊరి పేరు మునిగిపోతుంది. ఎర్ర బొట్టు, అన్నిటికన్నా చిన్న సైజుది, ఊరి పేరు పక్కన సరిగ్గా కూర్చుంటుంది. వేసవిలో గోడ వేడెక్కి ఒకటీ అరా రాలిపోతుంటాయి, ఊడ్చేటప్పుడు ఏ ఊరు రాలిందో చూసుకుని మళ్లీ అంటించాలి. "ఊళ్లకి బొట్లు పెడతా ఉండారు, బాగుంది. నాకూ ఒక ప్యాకెట్టు మిగల్చండి" అంటుంది మా ఆవిడ.

ఇక తిరుపతి వాళ్లకే ఉన్న చిక్కు ఒకటుంది. మైదానంలో ఇల్లున్న మనిషి నాలుగు దిక్కులా బొట్లు పెట్టుకుంటూ పోవచ్చు. మనకి ఉత్తరం మూసి ఉంది. ఊరి నడిబొడ్డు నుంచి కాస్త ఉత్తరంగా పోతే కపిలతీర్థం, దాని వెనక నిటారుగా కొండ, కొండ వెనక అడవి. 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అన్నారు, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. ఊళ్లు లేవు, ఇష్టం వచ్చినట్టు పోవడానికి లేదు. అందుకే నా మ్యాపు సగం తిన్న దోసెలా ఉంటుంది. కొండకి అటూ ఇటూ మాత్రం రెండు దారులు పైకి పాకుతాయి. ఒకటి కరకంబాడి మీదుగా మామండూరు, రైల్వేకోడూరు వైపు. రెండోది రంగంపేట దాటి భాకరాపేట ఘాటు ఎక్కి పీలేరు వైపు.

తిరుమలకి బొట్టు పెట్టలేదేమని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. అలిపిరి మెట్లు 3,550. కొండకి కాళ్ల మీద పోవడమే మా ఇంట్లో అలవాటు. మ్యాపులో బొట్టు కోసం దేవుడి దగ్గరికి పోయేదేందని మా అమ్మ మొదటే చెప్పేసింది, నేనూ వాదించలేదు.

ఈ ఉత్తరపు గోడ వల్లే, సైకిల్ లోకంలో పేరున్న ఒక ఆట మనకి పనికిరాదని నాకు గట్టి అభిప్రాయం. భూమినంతా చదరాలుగా కోసి, ఏ చదరంలో అడుగుపెడితే అది మనదైనట్టు చూపించే ఆట. వెబ్ మ్యాపుల్లో 14వ జూమ్ దగ్గర ప్రపంచాన్ని అడ్డంగా 16,384, నిలువునా 16,384 ముక్కలు చేస్తారు, ఆ ముక్కలే ఈ చదరాలు. మ్యాపు గీసే పద్ధతిలో ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల సాగినట్టు కనబడుతుంది కాబట్టి చదరం అసలు కొలత ఊరిని బట్టి మారుతుంది. లండన్ దగ్గర ఒక్కోటి ఒకటిన్నర కిలోమీటర్లు, తిరుపతి దగ్గర దాదాపు 2.4. అంటే ఇక్కడ ఒక చదరం నుంచి పక్కదానికి పోవడానికి అక్కడికన్నా ఎక్కువ తొక్కాలి. దానికేం, తొక్కొచ్చు. అసలు చిక్కు ఇంకోటి. మధ్యలో ఒక్కటీ వదలకుండా ఈ చిన్న చదరాల్ని కలుపుకుంటూ అతి పెద్ద చదరం నింపినవాడే ఆ ఆటలో మొనగాడు. మనకి ఇంటికి ఉత్తరాన నాలుగడుగులు వేస్తే అడవి చదరాలు. వాటిని నింపాలంటే చెక్‌పోస్టు దాటి లోపలికి దూరాలి. అది ఎర్రచందనం అడవి. చీకటితో అక్కడ తిరిగే మనిషిని ఎవరైనా ఏమనుకుంటారో వేరే చెప్పాలా. పైగా 2023లో నడకదారిలో పిల్లల మీద చిరుత దాడులు జరిగాక మెట్ల మీదే గుంపులుగా పంపించారు. ఫోన్లో ఒక గడి రంగు మారడానికి అడవిలోకి దూరమని చెప్పే ఆట మన ఊరి ఆట కాదు.

ఊరిని కొలతగా పెట్టుకుంటే ఈ గొడవ లేదు. ఊరికి రోడ్డు ఉంటుంది, రోడ్డు పక్క టీ అంగడి ఉంటుంది, అంగడి దగ్గర మనుషులుంటారు. గమ్యం ఊరు అవ్వాల్సిన పని కూడా లేదు, చెరువైనా సరే. టోపో షీటులో నీలం మచ్చలు చూసి బయల్దేరి, ఆ చెరువులో నీళ్లున్నాయా, కంప మొలిచిందా, లేఅవుట్ లేచిందా అని చూసి రావడం నాకు చాలా ఇష్టమైన పని. రాయలచెరువుకి అలాగే పోయాను. 2021 నవంబరు వానలకి ఆ కట్ట తెగేలా ఉందని కింద ఊళ్లు ఖాళీ చేయించారు, టీవీల్లో అందరం చూశాం. టీవీలో అదొక ప్రమాదం, అంతే. సైకిల్ మీద పోతే ఆ చెరువు ఎంత పెద్దదో, కట్ట దేన్ని ఆపుతోందో, కింద ఎన్ని ఊళ్లున్నాయో తొక్కుతున్నంతసేపూ తెలుస్తూనే ఉంటుంది.

ఖాళీ మనిషిని ఎలా లాగుతుందో ఒక దారి సంగతి చెబుతాను. రెండో షీటు అంటించాక రేణిగుంట అవతల అంతా బోసిగా ఉంది. అక్కడ నాకు తెలిసిన పేరు గుడిమల్లం ఒక్కటే. పరశురామేశ్వరాలయం, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గర్భగుడి వెనక గోడ గుండ్రంగా తిరిగి ఉంటుంది. లోపల ఐదడుగుల లింగం, దాని ముందు భాగంలో నిలబడిన శివుడు. కుడిచేత పొట్టేలు, భుజాన గొడ్డలి, కాళ్ల కింద గూని మరుగుజ్జు ఒకడు. క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చాలామంది చరిత్రకారుల అంచనా. మన పక్కనే ఇంత పాతది పెట్టుకుని, తిరుపతిలో సగం మంది దాన్ని చూడకుండానే బతికేస్తారు.

గుడిమల్లానికి కారులో పోతే గుడిమల్లమే చూస్తారు. సైకిల్లో పోతే దారిలో నీళ్లు అయిపోతాయి. నాకు పాపానాయుడుపేటలో అయిపోయాయి. గాజు పూసల ఊరది. పూసలు చేసే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. కొలిమిలో కరిగిన గాజుని ఇనప గొట్టం చుట్టూ ముద్దగా పట్టించి, ముద్ద నడుమ బోలు చేసి, దాని కొస పట్టి లాగుతారు. ఒక మనిషి కూర్చుని చేతికి చేయి మారుస్తూ లాగుతూనే ఉంటే సన్నటి గాజు గొట్టం తెగకుండా వస్తూనే ఉంటుంది. చల్లారాక దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, పదును అంచులు నునుపు తేలడానికి బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. రెండు వేల ఏళ్ల కిందట హిందూ మహాసముద్రం చుట్టూ తిరిగిన సన్న పూసలు ఎలా చేసేవాళ్లో తెలుసుకోవడానికి పరిశోధకులు ఈ ఊరికి వచ్చి చూశారు. రేణిగుంట విమానాశ్రయంలో దిగి నేరుగా కొండకి పోయే లక్షల మందికి, ఆ పక్కనే ఇలాంటి ఊరుందని తెలియదు. నాకూ తెలిసేది కాదు, సీసాలో నీళ్లు ఉండి ఉంటే.

గుడిమల్లం దగ్గర చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి "యాడ్నించి నాయనా?" అన్నాడు. తిరుపతి నుంచి అన్నాను. "సైకిల్లోనేనా? బస్సుకి దుడ్లు లేవా?" ఉన్నాయి తాతా, సరదాకి అన్నాను. సైకిల్ వెల ఎంతని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆ దుడ్లకి మంచి పాడావు వస్తాది" అన్నాడు. దీనికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇంకో పేచీ కూడా పెడతారు. దగ్గర ఊళ్లన్నీ అయిపోతాయి, తర్వాత ప్రతి కొత్త బొట్టుకీ దూరం పోవాలి, అప్పుడు ఆసక్తి చచ్చిపోతుంది అని. లెక్క చూస్తే ఇది తలకిందులు. దూరం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుంది. ఇంటి నుంచి 10 కిలోమీటర్ల లోపల, కొండవైపు సగం తీసేస్తే, మనకి దక్కే నేల సుమారు 157 చదరపు కిలోమీటర్లు. 20 కిలోమీటర్లకి పోతే అదే 628. అంటే ఇంకో అరగంట, ముప్పావు గంట ఎక్కువ తొక్కే ఓపిక వచ్చినవాడి ముందు ఊళ్లు నాలుగింతలు పరుచుకుంటాయి. మ్యాపు నిండిపోతుందని దిగులుపడే రోజు చాలామందికి రాదు. తిరుచానూరు పక్కనే యోగిమల్లవరం ఉంది. అప్పలాయగుంట ఉంది. తొండవాడలో మూడు ఏర్లు కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. కాస్త కాలు సాగితే శ్రీకాళహస్తి, నారాయణవనం. పుత్తూరుకి పోయేటప్పుడు మాత్రం మా వాళ్లు బెంగపడరు. కింద పడి చెయ్యి విరిగినా పుత్తూరు కట్టు అక్కడే కట్టించుకుని రావచ్చట.

అంకెలంటే నాకు పగ అనుకోకండి. ఒక అంకె నాకు ఇష్టం కూడా. ఆర్థర్ ఎడింగ్టన్ అని ఇంగ్లండులో పెద్ద ఖగోళ శాస్త్రవేత్త, 1919 సూర్యగ్రహణం అప్పుడు ఐన్‌స్టీన్ చెప్పింది నిజమేనా అని పరీక్షించిన వాళ్లలో ఒకడు. సైకిల్ పిచ్చి ఆయనకి. తనకోసం ఒక కొలత పెట్టుకున్నాడు: ఒక అంకె చెప్పుకుంటే, కనీసం అన్ని మైళ్లు తొక్కిన రోజులు కూడా అన్నే ఉండాలి. 30 అంటే, 30 మైళ్లు గానీ ఇంకా ఎక్కువ గానీ తొక్కిన రోజులు 30 ఉండాలన్నమాట. 1944లో చనిపోయేనాటికి ఆయన లెక్క 84. అంకె పెరిగేకొద్దీ పాత చిన్న ప్రయాణాలు చెల్లకుండా పోతాయి, అందుకే ఈ లెక్కలో మోసం కుదరదు. అయినా ఇది బాగా ముదిరినవాళ్ల ఆట. 84 మైళ్లంటే 135 కిలోమీటర్లు, ఉద్యోగం, పిల్లల స్కూలు, ఇంటి పనులు ఉన్న మనిషికి నెలలో అలాంటి రోజు ఒకటి దొరికితే గొప్ప. ఆదివారం పొద్దున నాలుగు గంటలు మాత్రమే చేతిలో ఉన్నవాడికి ఊరే సరైన కొలత.

మ్యాపు అక్కర్లేని మనుషులు ఉన్నారు, అదీ ఒప్పుకోవాలి. మా వీధిలో ఒకాయన ఏళ్లుగా తెల్లవారగానే పాత హీరో సైకిల్ మీద తిరుచానూరు పోయి అమ్మవారి గుడి ముందు దణ్ణం పెట్టుకుని వస్తాడు. గేర్లు లేవు, ఫోన్ లేదు, వాన ఎండ లెక్కలేదు. ఆయనకి ఈ వ్యాసం చూపిస్తే నవ్వుతాడు. పోవడానికి గట్టి కారణం ముందే ఉన్నవాడు కాబట్టి ఆయనకి గోడ మీద కాగితం ఏమీ చెప్పక్కర్లేదు. నాలాంటివాళ్లకి అలాంటి కారణం లేదు. ఐదింటికి అలారం మోగితే ఎందుకు లేవాలన్న ప్రశ్నకి ఏదో ఒక జవాబు కావాలి. 'ఆరోగ్యం కోసం' అన్నది ఆ వేళప్పుడు ఎంత బలహీనమైన జవాబో లేచి చూసినవాళ్లకి తెలుసు. 'రామచంద్రాపురం దాటాక ఎడమ పక్కన ఒక్క బొట్టూ లేదు' అన్నది అంతకన్నా మెరుగ్గా పనిచేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు సంగతులు. పల్లె రోడ్ల పక్కన సీమతుమ్మ కంప నరికి అక్కడే పడేస్తారు, ఆ ముల్లు ఏ టైరునైనా దించేస్తుంది. ప్యాచ్‌లు, సొల్యూషన్, చిన్న పంపు లేకుండా గేటు దాటొద్దు. రెండు, మార్చి నుంచి జూన్ దాకా ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరేలా చూసుకోండి. జూన్ చివర్లో చిత్తూరు వైపు రోడ్లన్నీ తోతాపురి కాయల ట్రాక్టర్లే, గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. ఆ వాసనకి ఆగాలనిపిస్తుంది, ఆగండి. లోడు పైన కూర్చున్నవాళ్లు ఒక కాయ విసరకుండా ఉండరు.

నా మ్యాపులో ఇప్పుడు రెండు కొసలు నన్ను నిలవనీయడం లేదు. ఒక కొస రైల్వేకోడూరు, ఇంకో కొస పీలేరు. ఈ రెండిటినీ కొండ వెనక నుంచి కలపాలి. కోడూరు నుంచి రాజంపేట, అక్కడి నుంచి రాయచోటి, పీలేరు, భాకరాపేట ఘాటు దిగి మళ్లీ ఇల్లు. శేషాచలం చుట్టూ ఒక చుట్టు అన్నమాట. 200 కిలోమీటర్లు సులభంగా దాటుతుంది. అంత దూరం ఒక్క రోజులో తొక్కేవాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. టైము పెట్టి తొక్కించే దూరపు సైకిల్ ప్రయాణాల్ని బ్రెవే అంటారు, 200 కిలోమీటర్ల బ్రెవేలో పదమూడున్నర గంటలు టైమిస్తారు. నాకు ఒక్క రోజు చాలదు, రాయచోటిలో రాత్రికి పడుకుంటాను. మా తమ్ముడికి ఇక్కడ మళ్లీ అభ్యంతరం. మధ్యలో నిద్రపోతే రెండో రోజు 'ఇంటి నుంచి' కాదు, 'లాడ్జి నుంచి' అవుతుందంటాడు. చక్రాలు రెండూ మా గేటు దగ్గర కదిలినవే కాబట్టి చెల్లుతుందని నేనంటాను. సంక్రాంతి వెళ్లాక చలి ఉండగానే బయల్దేరాలని ఉంది. వాడు తోడు వస్తానన్నాడు గానీ, పీలేరు బొట్టు తన గోడ మీద పెట్టుకోడట.